క్రైస్తవ గృహములో బిడ్డల పెంపకము

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన క్రైస్తవ కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగము)



మన డయోసిస్ నూరు సంవత్సరములు నిండిన ఈ సంతోష సమయములో అనేక సంగతులను జ్ఞాపకము చేసికొంటున్నాము. కట్టిన దేవాలయములు, నడిపిన పాఠశాలలు, ఆసుపత్రులు, సేవచేసి నిద్రించిన అధ్యక్షులు, గురువులు, ఉపదేశులు, బైబిలు స్త్రీలు, వీరందరినిబట్టి దేవునికి స్తోత్రము. అయితే నూరేండ్లు అంటే ఏమిటి? ఇంచుమించు నాలుగు తరముల బిడ్డలు. ఒక తల్లి తన బిడ్డకు ప్రార్థన నేర్పినది. ఆ బిడ్డ పెద్దదై తన బిడ్డకు నేర్పినది. ఆ విధముగా నాలుగుసార్లు జరిగినందువలన మనము ఈ పందిరిలో కూర్చున్నాము. ఒక్క తరము అందించుట మానియుంటే, రాతి గోడలు ఉండేవి గాని మనము ఉండేవారము కాము.

మన తాతముత్తాతలలో అనేకులకు అక్షరము రాదు. పగలంతా కూలిపని చేసి, రాత్రి బుడ్డిదీపము వెలుగులో ఉపదేశిగారి చుట్టూ కూర్చుండి, ప్రభువు నేర్పిన ప్రార్థనను, పది ఆజ్ఞలను నోటికి నేర్చుకొన్నారు. పగటిపూట మిషను బడిలో అక్షరములు దిద్దిన పిల్లలు రాత్రి ఇంటివద్ద సువార్త చదివితే తల్లిదండ్రులు విని కన్నీరు కార్చినారు. వారు పిల్లల పెంపకముమీద పుస్తకములు చదువలేదు, సదస్సులకు పోలేదు. అయినను తమకున్నది అందించినారు. మనకు చదువున్నది, ఉద్యోగమున్నది, ఇల్లున్నది. మనము ఏమి అందిస్తున్నాము? ఇదే ఈ ఉదయము మన ముందున్న ప్రశ్న.

ఈ విషయము మాట్లాడవలెనని నిర్వాహకులు కోరినప్పుడు మేము వెంటనే ఒప్పుకొనలేదు. థియొలాజికల్ కాలేజీలో మాకు హెబ్రీ, గ్రీకు వ్యాకరణములు నేర్పినారు, ప్రసంగము తయారుచేయుట నేర్పినారు. బిడ్డను పెంచుట మాత్రము మా బిడ్డలే మాకు నేర్పవలసి వచ్చినది. ఆ పాఠములలో ఒకటి బాధాకరమైనది. దానిని దాచకుండ మీకు చెప్తాము. అంతకుముందు వాక్యమును చూతము.

శిక్ష అనగా ఏమి?

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు మొదట పిల్లలతో మాట్లాడి, తరువాత తండ్రులవైపు తిరిగినాడు. పిల్లలకు కోపము రేపవద్దని, ప్రభువుయొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచవలెనని తండ్రులకు చెప్పినాడు. మనలో చాలమందికి మొదటి సగము కనబడదు. 'శిక్ష' అనే మాట మాత్రము కనబడుతుంది. కనబడగానే బెత్తము జ్ఞాపకమునకు వస్తుంది.

మన భాషలో శిక్ష అనే మాటకు రెండు అర్థములున్నాయి. దండించుట ఒకటి. నేర్పుట మరియొకటి. శిక్షణ, శిక్షకుడు, ఇవి కూడ అదే కుదురునుండి వచ్చిన మాటలు. సంస్కృతములో శిక్ష అంటే మొదటి అర్థము నేర్పుటయే. పౌలు వాడిన గ్రీకు మాట 'పైదేయ'. అది బిడ్డ అనే మాటనుండి పుట్టినది. బిడ్డను మనిషిగా తీర్చిదిద్దే పని మొత్తమునకు అది పేరు. కనుక నేర్పు లేని దెబ్బ, శిక్ష కాదు. అది మన కోపము తీర్చుకొనుట మాత్రమే. అట్లే, దిద్దుట లేని ముద్దు కూడ ప్రేమ కాదు. అది మన శ్రమ తప్పించుకొనుట మాత్రమే.

ఇరువదిమూడవ కీర్తనలో కాపరి దుడ్డుకర్రయు దండమును గొర్రెకు ఆదరణ అయినట్లు చదువుచున్నాము. కర్ర ఎట్లు ఆదరణ అవుతుంది? మన పల్లెలలో గొర్రెల కాపరిని చూడండి. పొడుగు కర్ర చివర కొడవలి కట్టుకొని తిరుగుతాడు. దానితోనే చెట్టుకొమ్మలు కోసి మంద ముందు ఆకు పడవేస్తాడు. కుక్క వచ్చినా, పాము వచ్చినా కర్రయే ముందుకు వస్తుంది. దారి తప్పిన గొర్రెను మళ్ళించుటకు దానినే అడ్డముపెడతాడు. కాళ్ళు విరగగొట్టే కాపరికి మంద మిగలదు. బిడ్డకు మన చేతి కర్ర ఎన్నిసార్లు మేత పెట్టినది, ఎన్నిసార్లు అడ్డము నిలిచి కాపాడినది, ఎన్నిసార్లు వీపుమీద పడినది అని మనలను మనము పరీక్షించుకొనవలెను.

సమూయేలు గ్రంథములలోని తండ్రులు

బిడ్డల పెంపకమును గురించి సామెతల గ్రంథమును తెరచుట మనకు అలవాటు. అయితే సమూయేలు గ్రంథములను కూడ చదువవలెను. అక్కడ బోధ తక్కువ, ఇండ్లు ఎక్కువ. ఒకదాని తరువాత ఒకటిగా తండ్రుల కథలు వస్తాయి.

మొదటి తండ్రి ఏలీ. యాజకుడు. అతని కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు దేవుని బలిమాంసమును ప్రజలయొద్దనుండి బలవంతముగా తీసికొన్నారు. గుడారముయొద్ద సేవచేయు స్త్రీలను చెరిపినారు. ఏలీ మందలించలేదా? మందలించినాడు. కాని ఎప్పుడు? మిక్కిలి వృద్ధుడైన తరువాత, ఊరంతా చెప్పుకొన్న తరువాత. మాట అన్నాడే గాని వారిని అడ్డగించలేదు. దేవుడు అతనిమీద మోపిన నేరము అదే. వారిని పనిలోనుండి తొలగించు అధికారము అతని చేతిలో ఉన్నది. అతడు దానిని వాడలేదు. తొంబదియెనిమిదేండ్ల వయస్సులో ఇద్దరు కుమారులు ఒకే దినమున చచ్చిరనియు, దేవుని మందసము పట్టబడెననియు విని, పీఠముమీదనుండి వెనుకకు పడి చనిపోయినాడు. 'మొక్కై వంగనిది మానై వంగునా' అని మన పెద్దలు ఊరకే అనలేదు.

రెండవ తండ్రి సౌలు. రాజు. అతని కుమారుడు యోనాతాను వంటి మంచి కుమారుడు ఏ తండ్రికైన దొరకుట కష్టము. భోజనపు బల్లయొద్ద ఆ కుమారుడు తన స్నేహితుని పక్షముగా ఒక న్యాయమైన ప్రశ్న అడిగినాడు. సౌలు మొదట అతని తల్లిని నిందించి తిట్టినాడు. తరువాత ఈటె విసరినాడు. యోనాతాను భోజనము చేయకుండ లేచిపోయినాడు. సహోదరులారా, మన ఇండ్లలో ఈటెలు లేవు. గాని 'నీ తల్లి పెంపకం ఇట్లా ఏడ్చింది' అనే మాట లేదా? పిల్లవాడు అన్నము ముందునుండి లేచిపోయిన రాత్రులు లేవా?

మూడవ తండ్రి దావీదు. దేవుని హృదయానుసారుడు. కుమారుడైన అమ్నోను చెల్లెలివరుసయగు తామారును చెరిపినాడు. దావీదు విని మిక్కిలి కోపపడినాడు. తరువాత ఏమి చేసినాడు? ఏమియు చేయలేదు. కూతురి పక్షమున నిలువలేదు, కుమారుని దండించలేదు. రెండేండ్లు ఆ ఇల్లు మౌనముగా ఉన్నది. ఆ రెండేండ్లు అబ్షాలోము కడుపులో పగ పెరిగినది. అన్నను చంపించి గెషూరుకు పారిపోయి మూడేండ్లు ఉన్నాడు. తిరిగి యెరూషలేమునకు రప్పించబడినను ఇంక రెండేండ్లు తండ్రి ముఖము చూడలేదు. మొత్తము ఏడేండ్లు. ఆ ఏడేండ్లలో తండ్రికొడుకులు మనసు విప్పి మాట్లాడుకొన్న ఒక్క దినము గ్రంథములో కనబడదు. కడపట అబ్షాలోము తిరుగుబాటుచేసి చచ్చినప్పుడు దావీదు గుమ్మపు మేడగదిలో కొడుకు పేరు పలుకుచు ఏడ్చినాడు. ఆ ఏడ్పు చదివినప్పుడెల్ల మా గుండె కరిగిపోతుంది. చచ్చిన కుమారునికొరకు కార్చిన కన్నీటిలో ఒక్క బొట్టు, బ్రతికియున్న కుమారుని ఎదుట కార్చియుంటే ఎంత బాగుండేది!

ఏలీ అడ్డగించలేదు. సౌలు గాయపరచినాడు. దావీదు మాట్లాడలేదు. మన ఇండ్లలోని పొరపాట్లు చాలవరకు ఈ మూడింటిలో ఇముడుతాయి.

మా ఇంటిలో జరిగిన సంగతి

ఇప్పుడు మా సంగతి చెప్తాము. మా పెద్ద కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుచున్న కాలమది. పాస్టరుగారి బిడ్డ అంటే సంఘములో అందరి కన్నులు వానిమీదనే. వాడు గుడిలో ఆవులించినా మాకు వార్త వచ్చేది. మేము కూడ వానిని ఆ కన్నులతోనే చూచినాము. 'సంఘం ఏమనుకుంటుంది?' అనేది మా ఇంటిలో పదకొండవ ఆజ్ఞ అయినది. తప్పుచేస్తే కొట్టేవారము. కొట్టిన తరువాత వాక్యము చెప్పేవారము. మంచి తండ్రులమని అనుకొన్నాము.

ఆ ఏడు మూడు నెలల పరీక్షలలో వానికి లెక్కలలో వందకు పందొమ్మిది మార్కులు వచ్చినవి. ప్రోగ్రెస్ కార్డు ఇంటికి తేలేదు. మా సంతకము వాడే పెట్టి బడిలో ఇచ్చివేసినాడు. మాకు తెలియదు. వారము రోజుల తరువాత ఒక సాయంత్రము మా గుడిలో గంట కొట్టే తాత వచ్చి గుమ్మములో నిలబడినాడు.

"అయ్యగారూ, మీరు అబ్బాయిని కొట్టనని మాటిస్తే ఒక సంగతి చెప్తాను" అన్నాడు.

మాట ఇచ్చినాము. తాత సంగతి చెప్పినాడు. మా బిడ్డ నాలుగు రోజులు సరిగా తినక, నిద్రపోక, చివరకు గుడి వెనుక గంటస్తంభము దగ్గర తాత పక్కన కూర్చుండి అంతా చెప్పి ఏడ్చినాడట. తాత తన కండువాతో వాని ముఖము తుడిచి, "నేను నాన్నగారితో మాట్లాడతానులే, నువ్వు అన్నం తిను" అన్నాడట.

ఆ రాత్రి మాకు సంతకము సంగతి అంతగా బాధ కలిగించలేదు. పందొమ్మిది మార్కులు కూడ కాదు. వేరొక ముల్లు గుచ్చుకొన్నది. ఆ ఆదివారమే మేము తప్పిపోయిన కుమారుని ఉపమానముమీద ప్రసంగించియున్నాము. సంఘము మెచ్చుకొన్నది. మా బిడ్డ మూడవ వరుసలో కూర్చుండి విన్నాడు. విని, ఆ ఉపమానములోని తండ్రి తన ఇంటిలో లేడనుకొని, గంటస్తంభము దగ్గరకు పోయినాడు. చదువురాని ఆ తాతలో మా బిడ్డ వెదకిన తండ్రి దొరికినాడు.

మా ఇంటివారు అప్పుడు ఒక్క మాట అన్నారు: "సంఘంలో ఎవరింట్లో కష్టమొచ్చినా మీరు పోయి గంటసేపు కూర్చుంటారు. వాడి దగ్గర అట్లా ఎప్పుడు కూర్చున్నారు?" మేము జవాబు చెప్పలేకపోయినాము.

మరునాడు వానిని పిలిచి మొదట మేమే క్షమాపణ అడిగినాము. తండ్రి కొడుకును క్షమాపణ అడుగుట మా వంశములో అదే మొదలేమో! తరువాత, చేసిన తప్పు తప్పేనని స్పష్టముగా చెప్పినాము. "నీవే మాస్టరుగారి దగ్గరకు వెళ్ళి చెప్పాలి. నేను నీతో వస్తాను. బయట నిలబడతాను" అన్నాము. ఇద్దరమును వెళ్ళినాము. వాడు లోపలికి పోయి చెప్పి వచ్చినాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో మా చెయ్యి పట్టుకొన్నాడు. తొమ్మిదవ తరగతి పిల్లవాడు తండ్రి చెయ్యి పట్టుకొని బజారులో నడుచుట మీరు చూచియుండరు. మేము అన్ని సంవత్సరములు కొట్టిన దెబ్బలన్నిటికంటె ఆ దినపు నడక వానికి ఎక్కువ నేర్పినది. మాకు మరి ఎక్కువ నేర్పినది.

కనుక మేము చెప్పదలచిన సంగతి ఒక్కటే. బిడ్డ తప్పే చేయకుండ పెంచుట ఎవరి చేతను కాదు. తప్పు చేసిన దినమున బిడ్డ కాళ్ళు మన ఇంటివైపు నడువవలెను గాని, ఇంటినుండి దూరముగా పరుగెత్తకూడదు. ఆ విధముగా పెంచుట మన చేతిలో ఉన్నది.

ఈ కాలములో ఇది ప్రాణముతో సమానము

ఇది మార్కులతో పోయే మాట కాదు. తెలంగాణలో 2019 ఏప్రిల్ నెలలో ఇంటర్మీడియెట్ ఫలితములు వచ్చిన తరువాత 20 మందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొన్నారు. ఆ ఫలితములలోనే తప్పులు దొర్లినట్లు తరువాత వెల్లడైనది. ఏ బిడ్డ మనసులో ఏమి జరిగినదో మనకు తెలియదు. దుఃఖములో ఉన్న ఆ తల్లిదండ్రులను నిందించుటకు మనకు హక్కు లేదు. అయినను మన ఇంటిలో మనము ఒక మాట ముందే చెప్పియుంచవచ్చును. పరీక్షకు పోకముందే చెప్పవలెను: "ఫలితము ఏదైనా సరే, ముందు ఇంటికి రా. అన్నము తిందాము. తరువాత ఆలోచిద్దాము." ఈ మాట ఫలితము వచ్చిన తరువాత చెప్తే ఆలస్యము కావచ్చును.

మరియొక సంగతి చెప్పుటకు నోరు రాదు గాని చెప్పక తప్పదు. చిన్న బిడ్డలను చెరిపేవారు తరచుగా తెలిసినవారే అయియుంటారు. బంధువు కావచ్చు, బోధించేవాడు కావచ్చు, గుడికి వచ్చేవాడు కావచ్చు. గాజుగ్లాసు పగిలినందుకే దెబ్బలు తినే బిడ్డ, ఇంత పెద్ద సంగతి ఇంటిలో ఎట్లు చెప్తుంది? తప్పు తనదే అనుకొని నోరు మూసుకుంటుంది. బిడ్డలను ఇటువంటి నేరములనుండి కాపాడుటకు 2012లో పోక్సో చట్టము వచ్చినది. కష్టములో ఉన్న బిడ్డకొరకు 1098 నంబరుకు ఎవరైనను ఫోను చేయవచ్చును. అయితే చట్టమునకు ముందు, బిడ్డకు తల్లి చెవి కావలెను. దావీదు ఇంటిలో తామారుకు దొరకనిది అదే. పరువు పోతుందని కప్పిపుచ్చుట క్రైస్తవ ధర్మము కాదు. అది ఆ ఇంటి పాపములో పాలు పొందుట.

బడిలో పిల్లలను కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టము చెప్తున్నది. మనలో కొందరు పెద్దలు, "మేము బోర్డింగులో బెత్తము దెబ్బలు తినే బాగుపడినాము" అంటారు. బోర్డింగులు మన జనమునకు చేసిన మేలును మరువలేము. తెల్లవారుజామున గంట, ప్రార్థన, చదువు, తోటపని, శుభ్రత, ఇవి మన తండ్రులను, తల్లులను నిలబెట్టినవి. కాని వారిని నిలబెట్టినది బెత్తమా, లేక జ్వరము వచ్చిన రాత్రి మంచము పక్కన కూర్చున్న వార్డెనమ్మగారా? ఆ పెద్దలను నిదానముగా అడిగి చూడండి. బెత్తము కథ నవ్వుచు చెప్తారు. వార్డెనమ్మగారి కథ చెప్పేటప్పుడు కన్నులు తుడుచుకొంటారు.

ఇద్దరు తల్లులు

సమూయేలు గ్రంథములో తండ్రుల మధ్య ఒక తల్లి ఉన్నది. హన్నా తన బిడ్డను పాలు విడిచిన తరువాత షిలోహులో దేవుని మందిరమునకు అప్పగించినది. ఏటేట బలి అర్పించుటకు వచ్చినప్పుడు బిడ్డకు చిన్న అంగీ కుట్టి తెచ్చేది. ఈ మాటను మనము త్వరగా చదివి దాటిపోతాము. కొంచెము ఆగి ఆలోచించండి. బిడ్డ కంటి ఎదుట లేడు. కొలత తీయుటకు వీలు లేదు. ఈ ఏడు ఎంత ఎదిగియుంటాడో తల్లి మనసులో కొలిచి కుట్టవలెను. పోయిన ఏటి అంగీ ఈ ఏడు పట్టదు.

మనము కూడ బిడ్డలను హాస్టళ్ళకు పంపుతున్నాము. కొందరము గల్ఫు దేశములలో పనిచేయుచు బిడ్డలను అమ్మమ్మయొద్ద ఉంచుతున్నాము. డబ్బు పంపుతాము, ఫోనులో "బాగా చదువుతున్నావా?" అని అడుగుతాము. అది పోయిన ఏటి అంగీ. ఈ ఏడు బిడ్డ స్నేహితులెవరు, దేనికి భయపడుతున్నాడు, దేవునిగూర్చి ఏ సందేహము వచ్చినది, ఇవి అడిగితేనే ఈ ఏటి కొలత తెలుస్తుంది. పదేండ్ల బిడ్డకు చెప్పినట్లు పదహారేండ్ల బిడ్డకు చెప్తే అంగీ చినుగుతుంది.

రెండవ తల్లి సుసన్నా వెస్లీ. మెదక్ ప్రాంతమునకు సువార్త తెచ్చినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు; 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ మహాదేవాలయము వారి కాలపు కట్టడమే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ ధారయు, ఆంగ్లికన్ ధారయు, ఇతర ధారలును ఒకటిగా కలిసినవి. కనుక ఇంగ్లాండులోని ఎప్‌వర్త్ అనే ఊరి పాస్టరుగారి భార్యయైన ఆమె మనకు అవ్వ వరుస అవుతుంది. ఆమె పందొమ్మిదిమంది బిడ్డలను కన్నది. పదిమంది మాత్రము బ్రతికినారు. ఇంటిలో అప్పులు, పేదరికము. 1709లో ఇల్లు కాలిపోయినది. ఐదేండ్ల జాన్ వెస్లీని మంటలలోనుండి కిటికీగుండా దించినారు.

ఆమె పెంపకము కఠినమైనది. అన్నిటికిని వేళ, అన్నిటికిని క్రమము. బెత్తము కూడ ఉన్నది. ఆ కాలపు పద్ధతులన్నిటిని మనము తెచ్చుకొన నవసరము లేదు. కాని ఆమె ఇంటిలో కొన్ని నియమములు ఉండేవి. తప్పు చేసిన బిడ్డ తానే వచ్చి ఒప్పుకొని, దిద్దుకొంటానని చెప్తే కొట్టకూడదు. ఎందుకు? దెబ్బల భయమే పిల్లలను అబద్ధమునకు అలవాటు చేస్తుందని ఆమె గ్రహించినది. ఒక తప్పుకు రెండుసార్లు దండించకూడదు. దిద్దుకొన్న తరువాత ఆ తప్పును మరల ఎత్తి పొడవకూడదు. మూడు వందల సంవత్సరముల క్రిందట ఆ పల్లెటూరి తల్లికి తెలిసిన ఈ సంగతి, థియొలాజికల్ కాలేజీలో పట్టము పొందిన మాకు గంట కొట్టే తాత వచ్చి చెప్పువరకు తెలియలేదు.

ఇంకొకటి. అంత పనిలోను ఆమె వారములో ఒక్కొక్క సాయంత్రము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాట్లాడేది. జాన్‌కు గురువారము. ఎదిగి ఆక్స్‌ఫర్డులో ఉపాధ్యాయుడైన తరువాత కూడ అతడు తల్లికి ఉత్తరము వ్రాయుచు, ఆ గురువారపు సాయంత్రములో కొంత భాగము మరల తనకు ఇవ్వుమని కోరినాడు. మన బిడ్డలు పెద్దవారైన తరువాత మనయొద్దనుండి దేనిని మరల కోరుకొంటారు?

చేయదగిన కొన్ని పనులు

ఇంటికి పోయిన తరువాత ఏమి చేయవలెనని అడిగేవారికొరకు కొన్ని మాటలు.

మొదటిది. దినమునకు ఒక్క పూటయైనను అందరు కలిసి భోజనము చేయండి. ఆ సమయములో టి.వి. వద్దు, సెల్‌ఫోను వద్దు. మొదట తండ్రి ఫోను పక్కన పెట్టవలెను. 'ఆవు చేనిలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?'

రెండవది. కుటుంబ ప్రార్థన క్లుప్తముగా ఉండనివ్వండి. పిల్లలు నిద్రతో తూగుచుండగా అరగంట ప్రార్థించి, తరువాత తూగినందుకు మొట్టికాయ వేయుట వలన భక్తి పెరుగదు. ఒక దినము పాట బిడ్డ ఎన్నుకొననివ్వండి. ఒక దినము ప్రార్థన బిడ్డ చేయనివ్వండి. ప్రార్థనలో బిడ్డ తప్పులను దేవునికి చాడీ చెప్పవద్దు. మన తప్పును మనము ఒప్పుకొనుట బిడ్డ వినవలెను.

మూడవది. మన అమ్మమ్మలు ఎసరు పెట్టినప్పుడు పిడికెడు బియ్యము తీసి ప్రభువుకొరకు వేరే కుండలో వేసేవారు. ఆదివారము ఆ బియ్యము గుడికి వచ్చేది. కడుపునిండ తిండి లేని దినములలో కూడ ఆ పిడికెడు తప్పలేదు. అది చూచుచు పెరిగిన బిడ్డకు ఇచ్చుట అంటే ఏమిటో వేరే ప్రసంగము అక్కరలేదు. నేడు గుడిలో కానుకసంచి దగ్గరకు వచ్చినప్పుడు బిడ్డ చేతిలో మనము నోటు పెడుతున్నాము. బిడ్డకు అది తగులదు. తన చేతిఖర్చులోనుండి తానే ఒక రూపాయి తీసి పెట్టుకొననివ్వండి. ఆ పిడికెడు బియ్యపు కుండను మరల వంటింటిలో పెట్టి, వేసే పని బిడ్డకు అప్పగించండి.

నాలుగవది. ఆడబిడ్డకు ఒక నియమము, మగబిడ్డకు ఒక నియమము వద్దు. అన్న తిన్న పళ్ళెము చెల్లెలు కడిగే ఇంటిలో, క్రీస్తునందు స్త్రీయు పురుషుడును సమానమనే బోధ గోడమీద వాక్యముగానే మిగిలిపోతుంది. పొరుగింటి బిడ్డతో పోల్చుట కూడ వద్దు. యాకోబు ఒక్క కుమారునికి విచిత్రమైన నిలువుటంగీ కుట్టించినందుకు ఆ ఇల్లు ఎంత ఏడ్చినదో మనకు తెలుసు.

ఐదవది. కోపముగా ఉన్నప్పుడు దండించవద్దు. మంచినీళ్ళు త్రాగండి, వాకిటిలో కొంచెము నడవండి. కోపము పోయిన తరువాత కూడ దండన అవసరమనిపిస్తే, అది తప్పును దిద్దే దండన కావలెను. పగులగొట్టినదానిని బాగుచేయుట, అన్నమాటకు క్షమాపణ చెప్పుట, తీసినదానిని తిరిగి ఇచ్చుట, ఇవి బిడ్డకు నేర్పుతాయి. ఆ దండనలో మనము కూడ బిడ్డ పక్కన నడువవలెను.

దారి తప్పిన బిడ్డల తల్లిదండ్రులకు

చివరిగా ఒక మాట. ఈ పందిరిలో తలవంచుకొని కూర్చున్న తల్లిదండ్రులు కొందరున్నారని మాకు తెలుసు. ప్రార్థనతో పెంచినారు, కన్నీటితో పెంచినారు. అయినను బిడ్డ త్రాగుడుకో, చెడు స్నేహమునకో పోయినాడు. కొందరు బిడ్డలు గుడి మొగము చూచుట లేదు. మా మాటలు మీకు గాయము చేసియుంటే క్షమించండి.

సమూయేలు గ్రంథములో ఇంకొక తండ్రి ఉన్నాడు. అతడు సమూయేలే. హన్నా కన్నీటి బిడ్డ. దేవుని స్వరము విన్నవాడు. అతని చేతులు లంచము ముట్టలేదని ఇశ్రాయేలంతయు సాక్ష్యమిచ్చినది. అటువంటివాని కుమారులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో లంచములు తీసికొని న్యాయమును త్రిప్పివేసినారు. లేఖనము ఏలీని నిందించినట్లు సమూయేలును ఎక్కడను నిందించలేదు. బిడ్డ మట్టిముద్ద కాదు. వానికి కూడ దేవుడు స్వంత చిత్తమిచ్చినాడు. సంఘమా, ఇటువంటి ఇండ్లవైపు వ్రేలు చూపవద్దు. వారి గుమ్మములో కూర్చుండుము.

తప్పిపోయిన కుమారుని తండ్రి కూడ మంచి తండ్రే. అయినను కుమారుడు పోయినాడు. ఆ తండ్రి చేసినదేమి? దారివైపు చూచుట మానలేదు. కుమారుడు పందుల మధ్య కూర్చుండి చెప్పవలసిన మాటలు కూర్చుకొన్నాడు. తనను కూలివానిగా పెట్టుకొమ్మని అడుగదలచినాడు. ఇంటికి వచ్చిన తరువాత ఆ చివరి మాట చెప్పుటకు తండ్రి అవకాశమివ్వలేదు. ముందే మెడమీద పడి ముద్దుపెట్టుకొన్నాడు. అయితే మేము ఎక్కువగా ఆలోచించేది దానికి ముందు జరిగిన సంగతిని. కడుపు కాలిన ఆ దూరదేశములో వానికి ఇల్లు ఎందుకు జ్ఞాపకము వచ్చినది? అక్కడ పెరిగిన దినములలో చూచిన తండ్రినిబట్టి. కూలివాండ్రకు కూడ కడుపునిండ అన్నము పెట్టే తండ్రి అని వానికి తెలుసు. ఆ జ్ఞాపకమే వానికి దారి చూపినది.

మా ఇంటి బిడ్డ ఇప్పుడు కాలేజీ చదువుకు వేరే ఊరిలో ఉన్నాడు. గంట కొట్టే తాత ప్రభువునందు నిద్రించినాడు. సమాధి కార్యక్రమమునకు మా వాడు రాత్రి బస్సెక్కి వచ్చినాడు. మట్టి వేసిన తరువాత మా పక్కకు వచ్చి నిలబడి, "నాన్నా, మీతో ఒక సంగతి చెప్పాలి" అన్నాడు. అది ఏ సంగతియో మీకు చెప్పము, అది వానిది. వాడు మాయొద్దకే తెచ్చినాడు. దానికే మేము దేవునికి స్తోత్రము చెల్లించుచున్నాము.

రాబోవు నూరు సంవత్సరములలో మన గోడలు ఎన్ని నిలుచునో మనకు తెలియదు. మన బిడ్డలు ఏ దేశములో ఉన్నను, ఏ స్థితిలో ఉన్నను, ఇంటి దారియు, తండ్రియైన దేవుని దారియు ఎరిగినవారై యుండునట్లు వారిని పెంచుటకు ప్రభువు మనకు ప్రేమను, ఓర్పును, ధైర్యమును అనుగ్రహించును గాక. ఆమెన్.